అక్షర క్రమంలో తొమ్మిదిమంది చైనా అతిథులు

చైనా భాషలో మంచినీళ్లు అడగడం నాకు ఇప్పటికీ రాదు. గొడుగును ఏమంటారో, కడుపునొప్పిని ఏమంటారో తెలియదు. కానీ మంత్రిమండలిని ఏమంటారో, ఉపప్రధానిని ఏమంటారో అడగండి, ఒక్క గుక్కలో చెప్తాను. మా ఆవిడ దీన్ని చుట్టాలందరి ముందూ చెప్పి నవ్విస్తుంటుంది. "మా ఆయన చైనా వెళితే ఆకలితో పోతారు. కాకపోతే పోయేముందు మంత్రులందరినీ పేరుపేరునా పలకరించి మరీ పోతారు" అంటుంది. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి సలహాలు అడుగుతుంటారు. నా దగ్గర సలహాలు లేవు బాబూ. ఒక తప్పు ఉంది, అది చెప్తాను వినండి.

మాది గుంటూరు జిల్లా. చైనాతో యుద్ధం అయిన తరవాత రెండేళ్లకు, విదేశీ రేడియోలు విని రాసిపెట్టే ఒక ప్రభుత్వ ఆఫీసులో నాకు ఉద్యోగమొచ్చింది. ఉత్తరాదిన కొండల మీద ఊరు. వేసవిలో కూడా ఉన్ని చొక్కా వేసుకోవాలి. ఆరునెలలు భాష నేర్పి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి కూర్చోబెట్టారు. చైనా వార్తలు వినడం, రాయడం, అదే పని. జూషీ అంటే అధ్యక్షుడు. జోంగ్‌లీ అంటే ప్రధాని. బూజాంగ్ అంటే మంత్రి, దానికి ముందు ఫూ తగిలిస్తే ఉపమంత్రి. షూజీ అంటే పార్టీ కార్యదర్శి. పన్నెండేళ్లలో ఆ రేడియో నాతో ఉల్లిపాయ గురించి ఒక్కసారీ మాట్లాడలేదు, నేనేం చెయ్యను!

అక్కడ మా పైన ఒక బెంగాలీ పెద్దాయన ఉండేవాడు. ఆయన చెప్పింది ఒక్కటే: "పేర్లు ఎవడైనా రాస్తాడు. నువ్వు వరస రాయి." విందుకు ఎవరెవరు వచ్చారో అక్కడి వార్తల్లో చదువుతారు. నిన్న మూడో పేరుగా చదివినవాణ్ణి ఇవాళ ఏడో పేరుగా చదివితే, అతని పని అయిపోయినట్టే. ఎందుకో చెప్పరు. వరసే చెప్తుంది. ఈ ఒక్క సంగతీ నా రక్తంలో ఇంకిపోయింది, అందుకే తరవాత నేను చేసిన పని తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకుంటాను.

చలికి ఉబ్బసం పట్టుకుంది. డాక్టరు వేడి దేశం పొమ్మన్నాడు. మా తోడల్లుడు అప్పటికే మస్కట్‌లో ఉన్నాడు. అలా డెబ్బైల చివర నేను ఒమాన్ చేరాను, వాడి కబీర్ అనే పేటలో నలుగురితో కలిసి ఒక రూమ్. ఉద్యోగం టైపిస్టు. విదేశీ అతిథుల రాకపోకలు చూసే సర్కారు ఆఫీసు అది. బయోడేటాలో తెలిసిన భాషలు అన్నచోట ఇంగ్లీషు, హిందీ, తెలుగు అని మాత్రమే రాశాను. చైనా మాట ఎత్తలేదు. కారణం ఉంది. దక్షిణాన సలాలా కొండల్లో ఏళ్ల తరబడి సాగిన పోరు అప్పుడప్పుడే చల్లారింది. కొండల్లో పోరాడినవాళ్లకు ఒకప్పుడు చైనా నుంచి సాయం అందిందని ఊరంతా అనుకునేది. అలాంటి చోట, చైనా సర్కారు మాటలన్నీ కంఠతా వచ్చిన పరాయి దేశపు గుమాస్తా అంటే ఏమనుకుంటారు? మర్నాడే విమానం ఎక్కిస్తారు. అది కూడా అదృష్టం బాగుంటేనే.

మా పై అధికారి ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో పుట్టిన ఒమానీ. అక్కడి గొడవల్లో ఇల్లూ వాకిలీ వదిలి, భార్యనూ ఆరుగురు పిల్లలనూ పడవలో వేసుకుని వచ్చినవాడు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడేవాడు, అరబ్బీలో మాత్రం తోటివాళ్లు ఆయన యాసను ఎగతాళి చేసేవాళ్లు. ఎంత కంగారులో ఉన్నా "పోలె పోలె" అనేవాడు. అది స్వాహిలీ మాట, మెల్లగా, మెల్లగా అని. నన్ను "హబీబీ", అంటే నేస్తం, అని పిలిచేవాడు. ఆ ఆఫీసులో నన్ను టైపు మిషనులా కాకుండా మనిషిలా చూసింది ఆయనొక్కడే.

చైనా నుంచి తొమ్మిదిమంది వస్తున్నారని కబురొచ్చింది. రెండు దేశాలూ అప్పుడే కొత్తగా పలకరించుకుంటున్నాయి. మా అధికారికి స్వయంగా అప్పగించిన మొదటి పని అది. పైవాళ్లు పిలిచి మొహమాటం లేకుండా చెప్పారట: "మర్యాదలో తేడా వస్తే తిరిగి రేవు గోదాములో లెక్కలు చూసుకో." ఆయన ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పాడు, కానీ మూత తియ్యని పెన్నుతోనే సంతకం పెట్టబోయాడు.

పేర్లు టెలెక్స్‌లో వచ్చాయి. తొమ్మిది పేర్లు, ముందు అంకెలు, అంతే. ఎవరి హోదా ఏమిటో తరవాత పంపుతామని చివర ఒక ముక్క. ఆయన ఆ కాగితం నా చేతిలో పెట్టి, "కార్డులు కొట్టు హబీబీ. మన పద్ధతిలో, ఎ బి సి ప్రకారం" అన్నాడు.

చూడగానే నాకు తెలిసిపోయింది. ఒకటో అంకె దగ్గరున్నవాడే నాయకుడు. ఆ తరవాత హోదాలో తగ్గుతూ తొమ్మిది దాకా. ఆ కాగితంలో పేర్ల కన్నా వరసే ముఖ్యం. "అయ్యా, దీన్ని కదపకండి" అని నోటిదాకా వచ్చింది. కానీ అంటే, నీకెలా తెలుసని అడుగుతాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చుని, వాళ్లను చక్కగా అక్షర క్రమంలో పేర్చాను. గదులకు, కార్లకు, విందు బల్లకు, అన్నిటికీ అదే క్రమం. ఆయన చూసి "షాబాష్" అన్నాడు. నేను సిగ్గు లేకుండా థ్యాంక్యూ సార్ అన్నాను.

మా డ్రైవరు కడప సాయిబు. అందరూ భాయ్ అనేవాళ్లం. ఆయనకు ఒక అలవాటుంది. పని అయిపోయిన టెలెక్స్ కాగితాలు తీసుకెళ్లి కారు అద్దాలు తుడిచేవాడు. దుమ్ము వాటితో పోయినట్టు గుడ్డతో పోదని ఆయన నమ్మకం. రెండు రోజులకు, హోదాల టెలెక్స్ ఇంకా రాలేదని మా అధికారి మొదటి కాగితం అడిగాడు. నేను బయటికి పరుగెత్తేసరికి ఎండలో పెద్ద కారు అద్దం తళతళలాడుతోంది.

"భాయ్, మొన్నటి కాగితం ఏదీ?"

"యా కాగితం అన్నా? చైనావోళ్లదా? దాంతోనే కదా తుడిచినా. శానా బాగా వచ్చింది సూడు."

"ఎక్కడ పడేశావు?"

"ఆడ డబ్బాలో యేసినా. తెల్లారి కాల్చేసినారు. ఏమన్నా, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

మొదటి పేరు గుర్తు తెచ్చుకుందామని కళ్లు మూసుకుని నిలబడ్డాను. పొట్టి పేరని మాత్రం గుర్తుంది. తొమ్మిదిలో ఆరు పొట్టివే.

అడుగుతూ టెలెక్స్ పంపాం. జవాబు లేదు. వాళ్లు అప్పటికే బయల్దేరి కరాచీలో ఆగారని తెలిసింది. మా అధికారి కుర్చీలో వెనక్కి వాలి పోలె పోలె అంటున్నాడు, కానీ చెమట మాత్రం పోలె పోలె కారడం లేదు. "మెట్ల దగ్గర మొదటి చెయ్యి ఎవరికి ఇవ్వాలి? మీలో పెద్ద ఎవరయ్యా అని అతిథిని అడగ్గలమా? అంతకన్నా అవమానం ఉందా? మొదటి చెయ్యి తప్పయితే మొదటి కారు తప్పు, మొదటి కాఫీ తప్పు. ఫొటోలో అన్నీ పడతాయి."

భాయ్ మాత్రం ధీమాగా ఉన్నాడు. "ఇందులో ఏముంది సార్? ముందు దిగినోడే పెద్దోడు. మా తట్టు పెండ్లికి వచ్చే బండి సూడండి, ముందు దిగేది పెద్ద మామే." దీన్ని హిందీలో ఆయనకు చెప్పాడు. ఆయనకు నచ్చింది. నాకూ ప్రాణం కొంచెం కుదుటపడింది, అలాగే అవుతుందిలే, నేను నోరు విప్పక్కర్లేదులే అనుకున్నాను. పిరికివాడికి ఎప్పుడూ ఏదో ఒక గడ్డిపరక దొరుకుతుంది.

మర్నాడు పదకొండు గంటలకు సీబ్ విమానాశ్రయం. ఎండ నేల మీంచి కూడా కొడుతోంది. మా అధికారి తెల్లటి దుస్తుల్లో, నడుముకు ఖంజర్ అనే వెండి వంపు కత్తితో మెట్ల కింద నిలబడ్డాడు. పక్కన పైవాళ్లు ఇద్దరు, ఫొటోగ్రాఫరు, కొంచెం దూరంలో నోటుపుస్తకం పట్టుకున్న పోలీసు అధికారి. నేను వెనక కార్డుల పెట్టెతో, నా వెనక కారు దగ్గర భాయ్.

విమానం తలుపు తెరుచుకుంది. తొమ్మిదిమందీ దిగడం మొదలుపెట్టారు. ఏం చెప్పమంటారు, తొమ్మిదిమందివీ ఒకే రంగు బట్టలు! మెడదాకా బొత్తాలు, అదే కుట్టు, అదే బూడిద రంగు. బిళ్లలు లేవు, పట్టీలు లేవు. మన దగ్గర జవానుకైనా ఒక ఎర్ర పట్టీ ఉంటుంది. అందరికన్నా ముందు దిగినాయన పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, చూడగానే దణ్ణం పెట్టాలనిపించేలా ఉన్నాడు. మా అధికారి మొహం వికసించింది. వెనక నుంచి భాయ్ "నేను సెప్పలా!" అన్నాడు.

అప్పుడు ఆ పొడుగాయన కాళ్లు చూశాను. ఆఖరి మెట్టు దిగి, ముందుకు రాకుండా, ఒక అడుగు పక్కకు వేసి వెనక్కి చూశాడు. నాయకుడైనవాడు వెనక్కి చూడడు, వెనకవాళ్లు ఆయన్ను చూస్తారు. మా అధికారి అప్పటికే చెయ్యి సగం చాచాడు. ఫొటోగ్రాఫరు వంగాడు. నోరు విప్పితే నా ఉద్యోగం పోవచ్చు. విప్పకపోతే ఆ ఆరుగురు పిల్లల తండ్రి రేవు గోదాముకు పోతాడు, అదీ నేను కొట్టిన కార్డుల వల్ల. అంత ఆలోచించానని ఇప్పుడు చెప్తున్నాను గానీ, నిజానికి ఆలోచన పూర్తికాకముందే నోరు తెరుచుకుంది.

"త్వాన్‌జాంగ్ తోంగ్‌జీ! రేలియే హ్వాన్‌యింగ్!"

ప్రతినిధుల నాయకా, కామ్రేడ్, హృదయపూర్వక స్వాగతం. పన్నెండేళ్లు విన్న వాక్యం. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, విమానాశ్రయమంతా ఖంగుమంది.

మా అధికారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. చైనావాళ్లు ఏడుగురు, ఎవరో తాడుపట్టి లాగినట్టు, ఒక్కసారిగా పక్కకు జరిగి వెనక్కి తిరిగారు. మధ్యలో దారి పడింది. ఆ దారి చివర, ఐదో మెట్టు మీద, పొట్టిగా లావుగా ఒకాయన, చెమటలు కక్కుతూ ఒక కుర్రవాణ్ణి రెక్కపట్టి దింపుతున్నాడు. కుర్రవాడి మొహం పాలిపోయి ఉంది. భుజాన సంచీ, చేతిలో తడి తువ్వాలు ఉన్న ఆ పొట్టాయన్ను నేనైతే వంటవాడు అనుకునేవాణ్ణి. ఆయనే నాయకుడు! విమానంలో దారంతా వాంతులు చేసుకున్న ఆ కుర్రవాడు వాళ్ల అరబ్బీ దుబాసీ.

మా అధికారి నాలుగు అడుగుల్లో మెట్ల దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో ఆ పొట్టాయన చెయ్యి పట్టుకున్నాడు. ఫొటో క్లిక్‌మంది. హమ్మయ్య! ఇక పనికిరాని కార్డుల పెట్టె కింద పడేసి కారుకు ఆనుకున్నాను. భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు.

"అన్నా, నువ్వు ఏమన్నావు? నీకు ఆ బాస యాడొచ్చె?"

"నీళ్లుంటే ఇవ్వు భాయ్" అన్నాను. నీళ్లు తాగుతుంటే కనిపించింది, పోలీసు అధికారి నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. పోలీసుల ముందు కామ్రేడ్ అని అరిచానని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ నీళ్లడిగాను.

దుబాసీ పడుకుని ఉన్నాడు గనక, ఖురంలో సముద్రం ఒడ్డున అతిథిగృహంలో నన్నే నాయకుడి పక్కన కూర్చోబెట్టారు. ఆయన సంతోషంగా నాతో గలగలా మాట్లాడాడు. అందులో నాకు అర్థమైనవి "ప్రభుత్వం", "కమిటీ" అన్న రెండు మాటలు. తల ఊపాను. ఇంతలో ఖావా వచ్చింది, చిన్న గిన్నెల్లో ఏలకుల కాఫీ. చాలంటే గిన్నెను అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. అది ఆయనకు తెలియదు. పోసింది తాగకపోతే మర్యాద కాదని ఆయన, ఖాళీ అయితే పొయ్యకపోతే మర్యాద కాదని పోసేవాడు! ఆరు గిన్నెలయ్యాయి. ఏడోది పోస్తుంటే ఆయన నా వంక కుడితిలో పడ్డ ఎలుకలా చూశాడు. చాలు అనే మాట నాకు రాదు. ఊపు అనే మాట రాదు. ఆఖరికి గిన్నెను చూపించి, చేత్తో ఊపి చూపించి, నాకొచ్చిన మాటే అన్నాను: "హ్వెయ్‌యీ జ్యేషూ." సమావేశం ముగిసింది.

ఆయన ఒక క్షణం నన్ను చూశాడు. గిన్నె ఊపాడు. పోసేవాడు ఆగిపోయాడు. ఆ తరవాత ఆయన నవ్విన నవ్వుకు పొట్ట మీది బొత్తాం ఊడుతుందేమో అనుకున్నాను. మిగతా ఏడుగురూ గిన్నెలు ఊపి "హ్వెయ్‌యీ జ్యేషూ, హ్వెయ్‌యీ జ్యేషూ" అని నవ్వడం మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్నే మా అధికారి గదిలోకి వెళ్లి తలుపు వేసి మొత్తం చెప్పేశాను. కొండ ఊరు, రేడియో, బయోడేటాలో దాచిన సంగతి, టెలెక్స్ చూడగానే వరస తెలిసి కూడా నోరు మూసుకున్న సంగతి. ఏదీ మిగల్చలేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. "తెలిసి కూడా నన్ను ఆ మెట్ల దగ్గరికి పోనిచ్చావు" అన్నాడు. తిట్టినా బాగుండేది. "అతిథులు వెళ్లేదాకా ఈ మాట వద్దు. తరవాత చూద్దాం."

ఆ మూడు రోజులు నేను తిన్నది ఒంటబట్టలేదు. రూమ్‌లో ట్రంకుపెట్టె సర్దిపెట్టుకున్నాను కూడా.

వాళ్లు వెళ్లే రోజు మళ్లీ సీబ్. దుబాసీ కుర్రవాడు కోలుకున్నాడు. నాయకుడు పెద్దవాళ్లందరికీ చేతులిచ్చి, కార్ల దాకా నడిచి వచ్చి భాయ్‌కి చెయ్యిచ్చి, నా ముందు ఆగాడు. ఏదో అన్నాడు. కుర్రవాడు దాన్ని అరబ్బీలో చెప్పాడు. మా అధికారి దాన్ని ఇంగ్లీషులో నాకు చెప్పాడు. అలా మూడు భాషలు దాటి నా దగ్గరికి చేరిన మాట ఇది:

"మీరు చైనా భాష ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలుసు. మొదటి రోజు మెట్ల మీద మీ గొంతు విని, మా సాయంత్రం వార్తలు చదివే ఆయన ఇక్కడికెలా వచ్చాడా అనుకున్నాను."

నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి. పోలీసు అధికారి మూడు అడుగుల దూరంలో ఉన్నాడు. నాయకుడు నా చెయ్యి వదల్లేదు. ఇంకో మాట అన్నాడు, అదీ మూడు భాషలు దాటి వచ్చింది: "మేం చెప్పేది ఇంత శ్రద్ధగా వినేవాళ్లు మా ఇంట్లో కూడా ఎవరూ లేరు." అందరూ నవ్వారు. ఆయన గాల్లో ఒక గిన్నె ఊపినట్టు చేసి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు భాయ్ కారు నడుపుతున్నాడు, నేను వెనక సీట్లో కూర్చున్నాను. మత్రా దగ్గర సముద్రం కనిపించాక మా అధికారి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ఆ పోలీసాయన మొదటి రోజే నన్నడిగాడు, నీ గుమాస్తాకు ఈ భాష ఎలా వచ్చిందని."

నేను సీట్లో ముందుకు జరిగాను.

"ఈ పని కోసం నేనే నేర్పించానని చెప్పాను. రేడియో పెట్టి" అన్నాడు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "సార్, మీరు అబద్ధం..."

"నేను చెప్పింది అబద్ధం, నువ్వు చెప్పనిది నిజం. ఇద్దరం సమానం, ఖలాస్" అన్నాడు. తరవాత కొంచెం మెల్లగా, "నేనూ విన్నాను హబీబీ ఆ చైనా రేడియో. జాంజిబార్‌లో, స్వాహిలీలో వచ్చేది. పాటలు బాగుండేవి. ఆ రోజుల్లో విన్నానని ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

భాయ్ అద్దంలోంచి నన్ను చూసి, "ఇంగ ఆ పెట్టె ఇప్పు అన్నా" అన్నాడు. ట్రంకుపెట్టె సర్దిన సంగతి రూమ్‌వాళ్లు ఊరంతా చెప్పినట్టున్నారు. బతుకు జీవుడా అని సీటులో జారగిలబడ్డాను. ఒమాన్‌లో ఆ తరవాత నేను ఇరవై రెండేళ్లు ఉన్నాను, అంత హాయిగా కూర్చున్న కారు మళ్లీ దొరకలేదు.

ఆఫీసు మెట్లెక్కుతుంటే ఆయన ఆగాడు. "నీ బయోడేటా మళ్లీ కొట్టి తీసుకురా. తెలిసిన భాషలు నాలుగూ రాయి. దాచొద్దు."

"అలాగే సార్."

రెండు మెట్లెక్కి మళ్లీ వెనక్కి తిరిగాడు. "మరి ఈసారి" అన్నాడు వేలు చూపిస్తూ, "అక్షర క్రమంలో వద్దు."

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో మొదట తెలుగు ఉంటుంది.